కొత్త లాంచర్ ఫోన్‌లో స్థిరంగా ఉండాలంటే కంపెనీ లాంచర్‌ని తీసేయాలా?

వంశధార_గుణుపురం
రెడ్‌మీ ఫోన్, ఆండ్రాయిడ్ 12, మీయూఐ 13 (రెడ్‌మీ తయారుచేసే షియోమీ కంపెనీ సొంత ఆండ్రాయిడ్ రూపం). వాడేది డెబ్బై దాటిన పెద్దావిడ. ఆరు పెద్ద బొమ్మలు మాత్రమే కనబడేలా వేరే లాంచర్ (హోమ్ తెరని చూపించే యాప్) వేశాం: ఫోను, వాట్సాప్, ఇద్దరు పిల్లల నంబర్లు, టార్చి, 112. సెట్టింగ్స్, యాప్స్, మేనేజ్ యాప్స్, పైన మూడు చుక్కలు, డిఫాల్ట్ యాప్స్, లాంచర్. ఈ దారిన వెళ్ళే పెట్టాం. నాలుగు రోజులు బాగుంటుంది, అయిదో రోజు హోమ్ నొక్కితే మళ్ళీ కంపెనీ తెరే వస్తుంది. ఫోన్ గుణుపురంలో ఉంది, సరిచేయాల్సిన మేం విశాఖలో ఉన్నాం. ఒకసారి పెడితే మళ్ళీ కదలని ఉపాయం కావాలి. ఇంట్లో ఎవరూ మార్చట్లేదు.

రాయగడ_రిపేరుబల్ల
రెండు లాంచర్లు ఉన్నంతకాలం ఈ పేచీ తప్పదండి. ఒకదాన్ని తీసేయాలి. ల్యాప్‌టాప్, మంచి డేటా కేబుల్ ఉంటే పది నిమిషాల పని. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు, చూసుకోండి.

ముందు కొత్త లాంచర్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి, ఇది మరవద్దు. తర్వాత అబౌట్ ఫోన్‌లో మీయూఐ వెర్షన్ మీద ఏడుసార్లు నొక్కండి. అడిషనల్ సెట్టింగ్స్, డెవలపర్ ఆప్షన్స్, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్. కేబుల్ పెట్టగానే ఫోన్ అనుమతి అడుగుతుంది, ఒప్పుకోండి. ఏడీబీ (ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే పనిముట్టు) షెల్‌లో పీఎం డిజేబుల్-యూజర్ కమాండ్, పక్కన యూజర్ సున్నా, ఆ పక్కన కామ్ డాట్ మీయూఐ డాట్ హోమ్. కొన్ని మీయూఐ వెర్షన్లు సిస్టమ్ ప్యాకేజీని ఆపనివ్వనని సెక్యూరిటీ ఎక్సెప్షన్ చూపిస్తాయి. అప్పుడు పీఎం అన్‌ఇన్‌స్టాల్, హైఫన్ కె, యూజర్ సున్నా వాడండి. లాంచర్ ఫోన్‌లోంచి పూర్తిగా పోదు, ఆ యూజర్‌కి లేకుండా పోతుందంతే. సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్ అని కొడితే తిరిగొస్తుంది.

పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఆపినంత మాత్రాన మీరు చేసిన మార్పు చెదరదు.

నాగావళి_ఒడ్డు
వంశధార గారూ, పైన చెప్పింది ఇప్పుడే చెయ్యకండి.

ఆండ్రాయిడ్ 9 నుంచి చాలా ఫోన్లలో ఇటీవలి యాప్‌ల తెర కంపెనీ లాంచర్ లోపలే ఉంటోంది. దాన్ని తీసేస్తే ఆ బటన్ నొక్కినా ఏమీ జరగదు. వేలితో కిందనుంచి పైకి తోసే సైగలు కూడా దాని మీదే ఆధారపడ్డాయి, అవీ తడబడతాయి.

అంతకంటే పెద్ద ప్రమాదం సేఫ్ మోడ్. పవర్ బటన్ నొక్కబోయి వాల్యూమ్ కూడా కలిపి నొక్కేసి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళిపోయిన ఫోన్లు తక్కువేం కాదు. అందులో బయటినుంచి వేసిన యాప్ ఏదీ నడవదు. అంటే మీ ఆరు బొమ్మల లాంచర్ ఉండదు, కంపెనీది మీరే తీసేశారు. ఆండ్రాయిడ్ 7 నుంచి సెట్టింగ్స్ యాప్ లోపల ఫాల్‌బ్యాక్ హోమ్ అనే ఖాళీ తెర ఒకటి ఉంది. ఫోన్ ఆన్ అయ్యాక తాళం తీసేదాకా నిలబడే తెర అది. ఇంకే లాంచరూ దొరక్కపోతే ఫోన్ దాని దగ్గరే ఆగిపోతుంది. కొత్త లాంచర్ ఒక అప్‌డేట్ తర్వాత తెరుచుకోకుండా మొరాయించినా అదే గతి.

అసలు ఎందుకు తిరిగిపోతోందో చూడకుండా కోత మొదలెడితే ఎలా?

పాతపట్నం_గేటు
లాంచర్ మెమరీ కార్డులోకి గానీ వెళ్ళిందా? ఫోన్ లేచేసరికి కార్డు ఇంకా తెరుచుకోదు, అప్పుడు ఉన్న లాంచర్‌నే పట్టుకుంటుంది.

వంశధార_గుణుపురం
కార్డు లేదండి. ఫోన్‌లోనే ఉంది.

రాయగడ_రిపేరుబల్ల
నాగావళి గారూ, డెబ్బై ఏళ్ళావిడకి ఇటీవలి యాప్‌ల తెర దేనికండి? ఆ బటన్ పని చెయ్యకపోతే ఇంకా మంచిది, అటు వెళ్ళి తప్పిపోకుండా ఉంటారు. సేఫ్ మోడ్ అన్నారు, మళ్ళీ రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఖాళీ తెర వచ్చినా పైనుంచి నోటిఫికేషన్ పరదా లాగి గేరు బొమ్మ నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి, అక్కణ్ణుంచి ఏ యాప్ అయినా తెరవొచ్చు. ఫోన్ చచ్చిపోయినట్టు మాట్లాడుతున్నారు.

నాగావళి_ఒడ్డు
పరదా లాగాలని మీకు తెలుసు. ఆవిడకి తెలుసా?

కారణాలు చెప్తాను, వంశధార గారు వరసగా చూసుకోవచ్చు. షియోమీలో మొదటి అనుమానం బ్యాటరీ సేవర్ మీదే. మేనేజ్ యాప్స్‌లో లాంచర్ తెరిచి బ్యాటరీ సేవర్‌లో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టండి, ఆటోస్టార్ట్ ఆన్ చెయ్యండి. ఇటీవలి యాప్‌ల తెరలో దాని కార్డుని నొక్కిపట్టి తాళం బొమ్మ కూడా వెయ్యండి, క్లీనర్ దాని జోలికి పోదు.

రెండోది సైగలు. చాలా షియోమీ ఫోన్లలో ఫుల్‌స్క్రీన్ సైగలు బయటి లాంచర్‌తో నడవవు. ఎవరైనా సైగలు ఆన్ చెయ్యబోతే కంపెనీ లాంచర్‌కి మారమంటుంది, సరే అంటే లాంచరే మారిపోతుంది. కాబట్టి మూడు బటన్లే ఉంచండి. అసలు పెద్దవాళ్ళకి అవే నయం, కంటికి కనబడతాయి.

మూడోది ఎంపిక పెట్టె. హోమ్ నొక్కినప్పుడు 'ఒక్కసారికి', 'ఎప్పుడూ' అని అడిగితే చాలామంది మొదటిదే నొక్కుతారు.

మహేంద్రగిరి
మూడు బటన్లు. నా ఓటు దానికే.

బరంపురం_బజారు
ఇంత యుద్ధం దేనికి? కంపెనీ లాంచర్‌లోనే పెద్దవాళ్ళ పద్ధతి ఉంది కదా. షియోమీలో స్పెషల్ ఫీచర్స్ కింద లైట్ మోడ్, శాంసంగ్‌లో డిస్‌ప్లే కింద ఈజీ మోడ్, ఒప్పో, రియల్‌మీల్లో సింపుల్ మోడ్. బొమ్మలు పెద్దవవుతాయి, అక్షరం పెద్దదవుతుంది. ఇటీవలి యాప్‌ల తెర చెడదు, అప్‌డేట్ వచ్చినా తిరిగిపోదు.

వంశధార_గుణుపురం
లైట్ మోడ్ చూశాం. బొమ్మ కింద పేరు మనం రాసుకునే వీలు కనబడలేదు. ఆవిడ మాట్లాడేది తెలుగే గాని చదువుకున్నది ఒడియా. తెలుగు మాటనే ఒడియా అక్షరాల్లో రాసి పెట్టాం. అందుకే ఈ లాంచర్.

బరంపురం_బజారు
అయితే సరే. గజపతి, రాయగడ వైపు అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఈ ముక్క మొదటే చెప్పాల్సింది.

కోరాపుట్_చలి
నిజంగా కదలకూడదంటే డిజేబుల్ కాదు, డివైస్ ఓనర్ పద్ధతి. ఆండ్రాయిడ్ 5 నుంచి ఉంది. డివైస్ ఓనర్ అయిన యాప్ ఒకటి 'హోమ్ అంటే ఇదే' అని సిస్టమ్‌లో శాశ్వత ఎంపికగా రాసేస్తుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళినా మార్చడం కుదరదు. కంపెనీ లాంచర్ ఉన్నచోటే ఉంటుంది కాబట్టి ఇటీవలి యాప్‌ల తెరా చెడదు. దుకాణాల్లో, ఆఫీసుల్లో ఒకే పనికి వాడే ట్యాబ్‌లు నడిచేది ఈ దారిలోనే.

చిక్కల్లా పెట్టేటప్పుడే. ఫోన్‌లో గూగుల్‌తో సహా ఏ ఖాతా ఉండకూడదు, ఉంటే ఏడీబీలో డీపీఎం సెట్-డివైస్-ఓనర్ కమాండ్ ఒప్పుకోదు. ఖాతాలన్నీ తీసి చెయ్యాలి. లేదంటే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, స్వాగతం తెర మీద ఒకేచోట ఆరుసార్లు తట్టి, క్యూఆర్ కోడ్‌తో పెట్టాలి. ఆ యాప్‌ని మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలేరు. అది తనంతట తాను హక్కు వదులుకునేలా రాసి ఉండాలి, లేకపోతే మళ్ళీ రీసెట్టే. రికవరీ నుంచి రీసెట్ చేస్తే ఫోన్ పాత గూగుల్ ఖాతా అడుగుతుంది, పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి.

రాయగడ_రిపేరుబల్ల
ఇది బాగుంది. నేను చెప్పింది కూడా ఇదే, దారి వేరు.

నాగావళి_ఒడ్డు
కాదు, ఇదే కాదు. మీరు చెప్పినదాంట్లో ఫోన్ విరుగుతుంది, కోరాపుట్ వారిదాంట్లో విరగదు. కానీ రెంటిలోనూ తాళం చెవి ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆపేసిన లాంచర్‌తో ఫోన్ ఇంటికి పంపేసి, మళ్ళీ తీయాలంటే రాయగడ రమ్మనడం ఏం న్యాయం?

రాయగడ_రిపేరుబల్ల
మాటలు జాగ్రత్త. ఎవరినీ రమ్మని కట్టేయలేదు, తిరిగి తెచ్చుకునే కమాండ్ పైన రాసే ఇచ్చాను. మీలాంటివాళ్ళు 'అసలు కారణం వెతకండి' అని చెప్పి వెళ్ళిపోతారు. ఆ తెర వారానికోసారి మారిపోతే, అర్ధరాత్రి 112 బొమ్మ ఎక్కడుందో వెతుక్కునేది ఆ పెద్దావిడ. కొండల్లో సిగ్నల్ ఒక గదిలో ఉంటే ఇంకో గదిలో ఉండదు. వీడియో కాల్‌లో 'అమ్మా, మూడు చుక్కలు నొక్కు' అని చెప్పడం అయ్యే పనా? ఏ రోజు తీసినా ఒకే తెర ఉండాలి. అదే ఆవిడకి భద్రత.

నాగావళి_ఒడ్డు
ఒకే తెర ఉండాలని నేనూ అంటున్నా. ఆ తెర మీద ఏం ఉండాలో ఎవరు చెప్పాలన్నదే నా ప్రశ్న. ఇన్ని పోస్టులయ్యాయి, ఆ ఆరు బొమ్మలు ఆవిడ ఎంచుకున్నవేనా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. దుకాణం ట్యాబ్‌కి డివైస్ ఓనర్ పెట్టండి, కాదనను. మనిషి సొంత ఫోన్‌కి, ఆ మనిషిని అడక్కుండా, విప్పలేని ముడి వెయ్యకూడదు.

రాయగడ_రిపేరుబల్ల
అడిగితే అన్నీ కావాలంటారు. అన్నీ పెడితే మళ్ళీ కంపెనీ తెరే కదండి.

మహేంద్రగిరి
ఇద్దరూ నెమ్మది. వంశధార గారూ, మారిపోయిన రోజు లాంచర్‌కి అప్‌డేట్ గానీ వచ్చిందా? ప్లే స్టోర్‌లో లాంచర్ పేజీ తెరిస్తే కింద అప్‌డేట్ తేదీ ఉంటుంది, పోల్చి చూడండి. తేదీలు కలవకపోతే మార్చింది మనిషి చెయ్యే అవ్వొచ్చు.

వంశధార_గుణుపురం
చూశాం. తేదీలు కలవలేదు. బ్యాటరీ సేవర్‌లో రిస్ట్రిక్షన్ ఉన్న మాట నిజం, తీసేయించాం. ఇంట్లో ఎవరూ మార్చట్లేదని రాశాను, అది తప్పు. పక్కింటి కుర్రాడి చేత ఆవిడే మార్పించుకుంటున్నారు. ఆరింటిలో ఫొటోలు లేవు. మనవళ్ళ ఫొటోలు చూసుకోవడానికి పాత తెర కావాలన్నారట.

రాయగడ_రిపేరుబల్ల
ఫొటోలు పెట్టి, ఆ తర్వాత తాళం వెయ్యండి. ఆ కుర్రాడు రేపు ఇంకోటి మారుస్తాడు. నా మాట మారదు.

నాగావళి_ఒడ్డు
తాళం వేసే ముందు నెల రోజులు ఆగి చూడండి. తాళం లేకుండానే నిలబడొచ్చు.

గడులు మూడు వరసలు, రెండు నిలువులు ఉండి ఉంటాయి. నాలుగు వరసలు చెయ్యండి, ఎనిమిది పడతాయి, బొమ్మ పెద్దగా చిన్నబోదు. ఫొటోలు కుడి కింద గడిలో పెట్టండి, బొటనవేలు అందేది అక్కడికే. 112ని మాత్రం పై వరసలో పెట్టండి, చెయ్యి పొరపాటున తగలకూడదు. ఎనిమిదో గడి ఏమిటో ఆవిడనే అడగండి.

లాంచర్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ లాక్ లాంటిది ఉంటే వెయ్యండి. పెద్దవాళ్ళు వేలు ఆనించి అర క్షణం అలాగే ఉంచుతారు. ఫోన్ దాన్ని నొక్కిపట్టడం అనుకుంటుంది, బొమ్మ వేలికి అంటుకుని లేస్తుంది, వేలు జరిగిందంటే 'తీసేయి' అన్నచోట పడి మాయమవుతుంది. యాక్సెసిబిలిటీలో 'టచ్ అండ్ హోల్డ్ డిలే'ని లాంగ్‌కి మార్చినా ఇది చాలా తగ్గుతుంది.

పాతపట్నం_గేటు
రెండు సిమ్‌లుంటే ఇంకోటి చూడండి. సరిహద్దులో చాలామందివి ఒకటి ఆంధ్రా సిమ్, ఒకటి ఒడిశా సిమ్. పిల్లల నంబర్ల బొమ్మలు డైరెక్ట్ డయల్ విడ్జెట్లు (నొక్కగానే నేరుగా కాల్ వెళ్ళేవి) అయితే, కాల్స్‌కి ఏ సిమ్ అని ముందే ఖాయం చెయ్యకపోతే నొక్కిన ప్రతిసారీ 'ఏ సిమ్' అని పెట్టె వస్తుంది. అది చూసి భయపడి ఆపేస్తారు. సిమ్ కార్డ్స్ సెట్టింగ్‌లో కాల్స్‌కి ఒకటి ఎంచి పెట్టండి, ఇంట్లో సిగ్నల్ ఏది బాగుంటే అది.

కోరాపుట్_చలి
అంతా అమరాక లాంచర్‌లోనే బ్యాకప్ తీసి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. మళ్ళీ వేసినప్పుడు బొమ్మలు, పేర్లు వస్తాయి గాని విడ్జెట్లకి మళ్ళీ అనుమతి ఇవ్వాలి, అవి ఖాళీ గడుల్లా కనబడితే కంగారుపడకండి.

వంశధార_గుణుపురం
ఆదివారం గుణుపురం వెళ్తున్నాం. అప్పుడే కూర్చుని చేస్తాం. ఆవిడ ఫోన్‌లో ఒడియా కీబోర్డు లేదు, కొత్త బొమ్మ కింద పేరు ఎలా రాయాలి?

మహేంద్రగిరి
జీబోర్డ్ సెట్టింగ్స్, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, ఒడియా. తర్వాత స్పేస్ బార్ పక్కన భూగోళం బొమ్మ నొక్కితే మారుతుంది. పేరు రెండు మూడు అక్షరాల్లోనే రాయండి, అక్షరం పెద్దది పెడితే చివర తెగిపోతుంది.