అప్‌డేట్: పని మానేసిన ఉద్యోగి ఫోన్‌లో క్లయింట్ల పేర్లు (పరిష్కారమైంది)

మా సైకాలజీ క్లినిక్‌లో మానేసిన రిసెప్షనిస్టు ఫోన్‌కి అపాయింట్‌మెంట్లు పేర్లతో సహా ఇంకా వెళ్తున్నాయని, పాస్‌వర్డ్ మార్చినా ఆగట్లేదని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "షేరింగ్ లిస్టు చూడండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

మా అపాయింట్‌మెంట్లు ఉండే గూగుల్ క్యాలెండర్ ఆమె సొంత జీమెయిల్‌కి షేర్ అయి ఉంది. అనుమతి ఆమె ఖాతాది కాబట్టి మన పాస్‌వర్డ్‌తో దానికి సంబంధమే లేదు. ఇది వైరస్ పని కాదు కాబట్టి స్కాన్ కూడా అనవసరమే.

లిస్టులోంచి ఆమెను తీసేశాక ఐటీ ఆయన ఇంకో కన్నం చూపించారు: ఐక్యాల్ సీక్రెట్ అడ్రస్ (క్యాలెండర్‌ని వేరే యాప్‌లో చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే రహస్య లింకు). ఆ లింకు ఉంటే చాలు, లాగిన్ లేకుండా అన్నీ కనిపిస్తాయి, లిస్టులో మాత్రం ఎవరి పేరూ ఉండదు. రీసెట్ చేస్తేనే పాత లింకు పనిచేయడం ఆగుతుంది. ఇది తప్పకుండా చూసుకోండి.

ఇప్పుడు ఎంట్రీలో "సి-047, 50 నిమిషాలు" అని మాత్రమే రాస్తున్నాం. ఏ నంబరు ఎవరిదో ఎన్‌క్రిప్ట్ చేసిన వేరే ఫైల్‌లో ఉంటుంది. వారం వారం రిపీటయ్యే ఎంట్రీల్లో పాత పేరు మార్చేటప్పుడు "ఈ ఈవెంట్ మాత్రమే" ఎంచుకుంటే మిగతా వారాల్లో పేరు అలాగే ఉండిపోతుంది, "అన్ని ఈవెంట్లు" ఎంచుకోవాలి.

ఇప్పటికే బయటికెళ్లిన పేర్లు వెనక్కి రావు. అందుకే ఆ క్లయింట్లందరికీ విషయం చెప్పాం.