అవ్వతో, పిల్లకాయలతో కలిసి మూకీ కామెడీలు: ఏవి, ఎట్టా?

ప్రశ్న (కావలి)
చూసేవాళ్ళు: అయిదేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, డెబ్బై దాటిన అవ్వ. 43 అంగుళాల టీవీ. చాప్లిన్ పెడితే మనుషులు పొట్టిగా, లావుగా సాగిపోతున్నారు. అందరూ పరుగులే. మధ్యలో మాటలు రాసి చూపించే ఇంగ్లీషు కార్డులు అవ్వకి అర్థం కావు. దేంతో మొదలుపెట్టాలో చెప్పండబ్బా.

జవాబు (ఒంగోలు)
ఆ సినిమాల బొమ్మ 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు), మీ టీవీ దాన్ని 16:9కి లాగుతోంది. పిక్చర్ సైజులో 4:3 పెట్టండి. పక్కల నల్ల పట్టీలు రావాలి, వస్తేనే సరి. మోషన్ స్మూతింగ్ (కదలికలు నున్నగా కనిపించడానికి టీవీ మధ్యలో సొంతంగా ఫ్రేములు కలపడం) కూడా ఆపేయండి, ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది.

పరుగుల సంగతి వేరు. అప్పట్లో కెమెరా చేత్తో తిప్పేవాళ్ళు. సెకనుకి 16 ఫ్రేముల లెక్కన తీసిన 1000 అడుగుల రీలు పదహారున్నర నిమిషాలు ఆడాలి. 24 మీద ఆడిస్తే పదకొండుకే అయిపోతుంది. యూట్యూబ్‌లో వేగం 0.75 పెడితే 24 కాస్తా 18 అవుతుంది. సంగీతం ఈడుస్తుంది, మ్యూట్ చేసుకోండి. అట్టాగని అన్నిటికీ తగ్గించొద్దు. ఛేజింగులు వాళ్ళు కావాలనే వేగంగా కనిపించేలా తీశారు. వెనక మామూలుగా నడిచిపోయే మనిషిని చూడండి, ఆ నడక బాగుంటే వదిలేయండి.

జవాబు (నెల్లూరు)
మొదటిరోజే గంటన్నర సినిమా వద్దన్నా. బస్టర్ కీటన్ ‘వన్ వీక్’ (1920) పెట్టండి, రెండు రీళ్ళే. కొత్త జంట పెట్టెల్లో వచ్చిన విడిభాగాలతో ఇల్లు బిగించుకోవాలి, పెట్టెల మీద అంకెలు ఒకడు మార్చేస్తాడు. ఇంతే కథ, అవ్వకి ఇంకేం చెప్పక్కర్లేదు. చివర్లో రైలు వచ్చేటప్పుడు మాత్రం ఎవరూ నోరు మెదపొద్దు. తర్వాత లారెల్ హార్డీ ‘బిగ్ బిజినెస్’ (1929), ఆపైన 45 నిమిషాల ‘షెర్లాక్ జూనియర్’ (1924).

చాప్లిన్ ‘ది కిడ్’ (1921)లో పిల్లాణ్ణి బండిలో లాక్కుపోయే చోట పాప బెదురుతుంది. “మళ్ళీ కలుస్తార్లే” అని ముందే చెప్పి ఉంచండి.

కార్డులు ఒక్కరే చదవాలి, అదీ నాలుగు ముక్కల్లో. మొత్తం అనువదించబోతే కార్డు పోయి, వెనక వచ్చే జోకు మీ మాటల కింద నలిగిపోతుంది. అందుకే ‘గోల్డ్ రష్’కి 1925 ప్రతి వెతకండి. 1942లో చాప్లిన్ కార్డులు తీసేసి తన గొంతుతో ఇంగ్లీషులో కథ చెప్పాడు, ఆ గొంతూ మీ తెలుగూ ఒకదానిమీద ఒకటి పడతాయి.

‘సిటీ లైట్స్’ (1931) మ్యూట్ చేయొద్దు. చాప్లిన్ ఈల మింగేసి, ఎక్కిళ్ళు వచ్చినప్పుడల్లా పొట్టలోంచి కూత పెట్టే సీను ఉంది. శబ్దం లేకపోతే కుక్కలు ఎందుకొచ్చాయో పిల్లకాయలకి తెలీదు.

ప్రశ్న (కావలి)
ఎండాకాలం మిద్దె మీద ప్రొజెక్టర్ పెట్టుకోవచ్చా?

జవాబు (ఒంగోలు)
పెట్టొచ్చు, గాలితోనే గొడవ. దుప్పటి పై అంచు కట్టేసి వదిలితే తెరచాపలా ఉబ్బుతుంది. కింది అంచు మడిచి కుట్టి అందులో వెదురు కర్ర దూర్చండి, రెండు కొసలూ ఇటుకలకి కట్టండి. త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి దూరం ఎన్ని రెట్లు ఉండాలో చెప్పే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌కి రెండు మీటర్ల వెడల్పు కావాలంటే మూడు మీటర్ల దూరం. 4:3 బొమ్మ అందులో మీటరున్నరే వస్తుంది, అవ్వ కుర్చీ ముందుకి వేయండి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, చిన్న సైజుది దించుకోండి. మే నెలలో ఏడున్నరలోపు మొదలుపెడితే దుప్పటి కనిపిస్తుంది గానీ చాప్లిన్ కనిపించడు.