ఏసీ 18లో పెట్టినా ర్యాక్ పైభాగం ఎందుకు వేడెక్కుతోంది?

నమస్కారం అండి. విజయవాడలో ఒక చిన్న ఆఫీసు సర్వర్ గది నా నెత్తిన పడింది. ఒకటే ర్యాక్ (సర్వర్లు ఒకదాని మీద ఒకటి బిగించే ఇనుప బీరువా లాంటిది), ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీలు రెండు, పూటకొకటి చొప్పున నడుస్తాయి. యూపీఎస్ మీద లోడు సుమారు 3 కిలోవాట్లు చూపిస్తోంది. ఒకటిన్నర టన్నులంటే దాదాపు 5 కిలోవాట్ల వేడి లాగాలి కదా, లెక్క సరిపోయినట్టే. అయినా ర్యాక్ ముందు వైపు కింద 23 డిగ్రీలుంటే, పైన 34! సర్వర్లు గాలి పీల్చుకునేది ముందు నుంచే కాబట్టి అక్కడ 27 దాటనివ్వకపోతే మంచిదంటారు. ఫ్యాన్ల రొద వరండా దాకా వినిపిస్తోంది.

నిన్న సర్వర్ల మధ్య ఖాళీల దగ్గర చెయ్యి పెడితే వెనక నుంచి వేడిగాలి కొట్టింది. పాత డబ్బాల అట్టముక్కలు కోసి అడ్డం పెట్టాను (నవ్వకండి), పైన 30కి దిగింది. అంటే లోపం ఏసీది కాదనేగా? కానీ అట్ట అంటుకుంటుందేమోనని భయం. ఆ ఖాళీలకు రేకు ప్లేట్లు బిగిస్తే చాలా, లేక ర్యాక్‌నే తిప్పి పెట్టాలా? ఇప్పుడు ఏసీ గాలి నేరుగా ర్యాక్ వీపుకే తగులుతోంది.

ఇంకోటి, కరెంటు పోయి వచ్చాక ఏసీ దానంతటదే ఆన్ అవ్వదు. ఆదివారం వస్తే అదే టెన్షన్. దీనికి తక్కువ ఖర్చులో మీరెవరైనా ఏం చేశారో చెప్తారా?