తెలుగు కీబోర్డ్‌లో సజెషన్లు సరిగ్గా రావాలంటే ఏం చేయాలి?

నమస్తే అండి. హనుమకొండలో నేను, మా దోస్తు కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లకు తెలుగు కీబోర్డ్ యాప్ చేస్తున్నాం. ఓపెన్ సోర్స్‌లో ఉన్న లాటిన్ఐఎంఈ అనే ఆండ్రాయిడ్ కీబోర్డ్ కోడ్ తీసుకుని మొదలుపెట్టాం. టైపింగ్ వరకు బాగానే ఉంది, చిక్కంతా సజెషన్ల దగ్గరే.

తెలుగు వికీపీడియా టెక్స్ట్‌తో ట్రైగ్రామ్ మోడల్ (ముందున్న రెండు పదాలను బట్టి తర్వాతి పదాన్ని ఊహించేది) తయారుచేశాం. ‘ఇల్లు’ ఒక్కదానికే ఇంట్లో, ఇంట్లోకి, ఇంట్లోంచి, ఇంటికాడ, ఇంటికే... ప్రతి రూపమూ వేరే పదం కింద లెక్కకొస్తోంది. జాబితా ఉబ్బిపోయి పాత ఫోన్లు మొరాయిస్తున్నాయి. పైగా వికీ భాష పుస్తకాల భాష. ‘రేపు వస్త’ అని కొట్టబోతే ‘వస్తారు’ అని చూపిస్తుంది. మా వరంగల్ చాట్‌లలో అట్ల ఎవరు రాస్తారు చెప్పండి!

సెంటెన్స్‌పీస్ లాంటి టూల్‌తో పదాలను ముక్కలు చేసి నేర్పిస్తే చిన్న మోడల్ సరిపోతుందా? అప్పుడు సజెషన్ బార్‌లో పూర్తికాని పదాలు కనిపించకుండా ఎలా ఆపాలి? దోస్తుల చాట్‌లు అడిగి తీసుకోవడం నాకిష్టం లేదు. గూగుల్ వాళ్ల జీబోర్డ్‌లో వాడే ఫెడరేటెడ్ లెర్నింగ్ (టైప్ చేసింది బయటకు పంపకుండా ఎందరో ఫోన్లలోనే మోడల్‌కు నేర్పించి, నేర్చుకున్నది మాత్రమే కలపడం) ఏమో ఇద్దరు మనుషులతో అయ్యే పని కాదు. లైసెన్స్ చిక్కులు లేని వాడుక తెలుగు టెక్స్ట్ ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొకటి. ‘క్ష్మి’లో ఆరు కోడ్‌పాయింట్లు (యూనికోడ్‌లో విడివిడిగా లెక్కకొచ్చే గుర్తులు) ఉన్నాయి. బ్యాక్‌స్పేస్ నొక్కితే మొత్తం పోవాలా, గుడి ఒక్కటే పోవాలా? మీరైతే ఏది కావాలంటారు?