యాంటెన్నా తీగ నేరుగా టీవీకా, ట్యూనర్ బాక్స్ ద్వారా స్ట్రీమింగ్ స్టిక్‌లోకా?

ఫ్రిస్కో నాన్న

అందరికీ నమస్కారం. నెల రోజులుగా మా ఇంట్లో తెగని విషయం ఇది. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు మీ అనుభవం చెప్పాలి.

హాల్లో ఒక టీవీ, మేడ మీద ఇంకోటి. రెండింటికీ ఇంటర్నెట్ యాప్‌లు చూపించే స్ట్రీమింగ్ స్టిక్‌లున్నాయి. అమ్మా నాన్నా ఒంగోలు నుంచి ఆరు నెలలకి వచ్చారు. తెలుగు సీరియళ్లు, వార్తలు స్టిక్‌లో చూస్తున్నారు. లోకల్ ఛానళ్ల కోసం నేను అటకలో యాంటెన్నా పెట్టాను. 4, 5, 11, 13 ఒక మాదిరిగా వస్తున్నాయి, 8 అసలు నిలవడం లేదు. ఆదివారం డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆట, చిన్నదానికి పీబీఎస్‌లో పిల్లల కార్యక్రమాలు, గాలివాన రోజుల్లో వాతావరణం... ఇవన్నీ నెలనెలా బిల్లు లేకుండా వస్తుంటే వదులుకోవాలని లేదు.

చిక్కు ఏంటంటే యాంటెన్నా తీగ టీవీ వెనక కోయాక్స్ అనే గుండ్రటి రంధ్రంలో ఉంది, స్టిక్ హెచ్‌డీఎంఐలో ఉంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి రావాలంటే వేరే రిమోట్ తీసుకుని ఇన్‌పుట్ మార్చాలి. అమ్మకి అది అలవాటు కావడం లేదు. నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేస్తుంది: "నాన్నా, టీవీ పోయింది, నా సీరియల్ రావట్లేదు." స్టిక్ రిమోట్‌లో హోమ్ బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించుకుంది. అది నొక్కితే తన తెర రావాలి. టీవీ యాంటెన్నా మీద ఉంటే ఎంత నొక్కినా రాదు.

నెట్‌వర్క్ ట్యూనర్ బాక్స్ కొని, యాంటెన్నా తీగ దానికిచ్చి, బాక్స్‌ని రౌటర్‌కి కలిపి, స్టిక్‌లో ఒక యాప్‌లాగా చూడొచ్చంటున్నారు. మా ఆవిడ అదే చేయమంటోంది. నాకేమో మధ్యలో ఇంకో పెట్టె ఎందుకని ఉంది. ఏది మంచిది?

ప్లేనో కోడలు

అన్నయ్యా, వదిన చెప్పిందే కరెక్ట్. మా ఇంట్లో హెచ్‌డీహోమ్‌రన్ అని నాలుగు ట్యూనర్ల బాక్స్ ఉంది. యాంటెన్నా నుంచి ఒకటే తీగ, అదీ రౌటర్ పక్కనున్న బాక్స్ దాకానే. అక్కణ్ణుంచి మూడు టీవీలకీ, పిల్లల టాబ్లెట్‌కీ ఇంటి నెట్‌వర్క్ మీదే వెళ్తుంది. గోడలు తొలిచి గది గదికీ తీగ లాగే పని తప్పింది. మా మామయ్యగారికి ఇన్‌పుట్ అనే మాటే తెలియనక్కర్లేదు. ఒక రిమోట్, ఒక తెర. సీరియళ్ల యాప్ పక్కనే లోకల్ ఛానళ్ల యాప్.

రికార్డింగ్ కావాలంటే దీనికి ఏడాది చందా ఉంటుంది. చందా వద్దనుకుంటే టాబ్లో అనే బాక్స్ నాలుగో తరంది చూడండి, అందులో గైడ్‌కీ రికార్డింగ్‌కీ డబ్బు అడగరు.

ఆలెన్ క్రికెట్

ఇంత శ్రమ దేనికన్నా? నెలనెలా చందా కట్టి ఇంటర్నెట్‌లో చూసే యూట్యూబ్ టీవీ తీసుకుంటే లోకల్ ఛానళ్లు, ఆటల ఛానల్ ఈఎస్‌పీఎన్, రికార్డింగ్ అన్నీ ఒక్కచోటే. యాంటెన్నాలో క్రికెట్ ఎలాగూ రాదు, క్రికెట్ ఛానల్ విల్లోకి మనం డబ్బులు కట్టాల్సిందే. ఎలాగూ కడుతున్నప్పుడు ఇదీ కట్టేస్తే సరిపోతుంది. అటకెక్కి దిగే వయసా మనది?

పాత రేడియో ఇంజనీరు

ఆలెన్ బాబూ, లెక్క వేసి చూడు. 2017లో 35 డాలర్లతో మొదలైన ఆ సర్వీసు 2025 జనవరికి 82.99 అయింది. ఏడాదికి దాదాపు 996 డాలర్లు. పైగా 2025 అక్టోబర్ 30 నుంచి నవంబర్ 14 వరకు డిస్నీతో ఒప్పందం కుదరక అందులో ఏబీసీ, ఈఎస్‌పీఎన్ ఆగిపోయాయి. మనకి ఏబీసీ అంటే 8వ ఛానలే, డబ్బు కట్టినవాళ్లకి అది లేదు. అదే 8, అంటే డబ్ల్యూఎఫ్ఏఏ, గాల్లో ఉచితంగా వస్తూనే ఉంది. ఈఎస్‌పీఎన్ కావాల్సినవాళ్లకి నీ మాట సరే. ఫ్రిస్కో తమ్ముడు అది అడగలేదు.

తమ్ముడూ, బాక్సా తీగా అన్నది తర్వాతి మాట. ముందు నీ 8 సంగతి చూడు. బలహీనమైన సిగ్నల్‌ని ఏ బాక్సూ బాగుచేయదు, ఇల్లంతా పంచిపెడుతుంది అంతే.

మన పెద్ద ఛానళ్ల టవర్లన్నీ సీడర్ హిల్‌లో ఉన్నాయి. నీ ఇంటికి దాదాపు సూటిగా దక్షిణాన, కాస్త పడమటికి, సుమారు 40 మైళ్లు. 4, 5, 11, 13 అని తెర మీద కనిపించే అంకెలు పాత పేర్లు మాత్రమే, అవన్నీ ఇప్పుడు యూహెచ్‌ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ వరసలో వస్తున్నాయి. 8 ఒక్కటే నిజంగా 8లోనే, అంటే వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ వరసలో ఉంది. దాని తరంగం పొడవు ఎక్కువ. ఆ తరంగంలో సగం లెక్కన కడ్డీ ఈ చివరినుంచి ఆ చివరికి సుమారు 82 సెంటీమీటర్లు ఉండాలి. కిటికీకి అంటించే పలక యాంటెన్నాలు చాలావరకు దానికంటే బాగా చిన్నవి. నీ యాంటెన్నా పెట్టె మీద వీహెచ్‌ఎఫ్ అని రాసి ఉన్నా, దానికి పొడుగు కడ్డీలు ఉన్నాయో లేదో కళ్లతో చూసుకో.

రెండోది, అటకలో టార్చి వేసి పైకప్పు చెక్క లోపలివైపు చూడు. వెండిరేకులా మెరుస్తోందా? టెక్సస్‌లో కొత్త ఇళ్లకి ఎండ తగ్గడానికి ఆ రేకు అంటించిన చెక్క వేస్తారు. అది వేడితోపాటు సిగ్నల్‌నీ ఆపుతుంది. అదే ఉంటే యాంటెన్నా బయటికి రావాల్సిందే.

ఇక అసలు ప్రశ్న. నా ఓటు నేరుగా తీగకే. 5, 11 ఛానళ్లు 1080ఐలో వస్తాయి, అంటే ప్రతి బొమ్మా గీత విడిచి గీతగా రెండు ముక్కల్లో వస్తుంది. ఆ ముక్కల్ని కలిపే పని టీవీ ట్యూనర్ చక్కగా చేస్తుంది. చవక స్టిక్‌లు కొన్ని ఆ కలపడంలో తడబడతాయి. బంతి పరిగెత్తేటప్పుడు అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే కారణం అదే. పైగా ఇవి ఎంపెగ్-2 అనే పాత కుదింపు పద్ధతిలో వచ్చే బరువైన ప్రసారాలు, ఒక్క ఛానల్ పది మెగాబిట్ల పైన లాగొచ్చు. మేడ మీద వైఫై అంతంతమాత్రంగా ఉంటే ఆగి ఆగి వస్తుంది. ఏటీఎస్‌సీ 3.0 అనే కొత్త తరం టీవీ ప్రసారాల్లో చాలా ఛానళ్లు తాళం వేసి పంపుతున్నారు. ఆ తాళం ఈ నెట్‌వర్క్ బాక్స్‌ల చేతిలో చాలావరకు తెరుచుకోవడం లేదు. పాత 1.0 ప్రసారం ఉన్నంతకాలం ఫర్వాలేదు గానీ, 3.0 కోసమని ఎక్కువ డబ్బు పెట్టి బాక్స్ కొనొద్దు.

ఇర్వింగ్ స్టూడెంట్

మధ్యలో వస్తున్నందుకు సారీ. నాదీ కిటికీ పలకే. సీడర్ హిల్ నాకు 20 మైళ్లే అయినా 8 రాక, యాంటెన్నా పాడైందని రెండోది కూడా కొన్నాను! నాలుగు నెలలుగా అర్థం కానిది ఇప్పుడు తెలిసింది, థాంక్యూ అంకుల్.

ప్లేనో కోడలు

అంకుల్, మీరు చెప్పిన ఇబ్బందులు నిజమే, కానీ వాటికి మందు ఉంది. బాక్స్‌ని రౌటర్‌కి ఈథర్‌నెట్ తీగతో కలపాలి, హాల్లో స్టిక్‌కి కూడా ఈథర్‌నెట్ అడాప్టర్ పెట్టాలి. మేం అలా చేశాక ఆగడం లేదు. ముక్కలు కలిపే సెట్టింగ్ కూడా యాప్‌లో ఉంటుంది.

బొమ్మ గురించి మీరు ఇంత చెప్పారు, మనుషుల గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆరు నెలలకి వచ్చిన పెద్దవాళ్లకి పగలంతా ఇంట్లో తోడు ఆ టీవీయే. బటన్ తప్పు నొక్కితే సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఖాళీ తెర ముందు కూర్చుంటారు. మా అత్తయ్యగారు అలా కూర్చుని, అడిగితే విసుక్కుంటామని చెప్పకుండా ఊరుకున్నారు. అది తెలిసిన రోజే బాక్స్ ఆర్డర్ పెట్టాను. ఆవిడ ముందు దువ్వెన పళ్లు నాకు పెద్ద విషయం కాదు.

గార్లండ్ రిమోట్

ఫ్రిస్కో అన్నా, ఏమీ కొనకముందు టీవీ సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేసి చూడు, హెచ్‌డీఎంఐలో ఉన్న పరికరం టీవీని నడిపే సౌకర్యం అది. శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే స్టిక్ రిమోట్ హోమ్ నొక్కగానే చాలా టీవీలు వాటంతటవే ఆ ఇన్‌పుట్‌కి వస్తాయి.

టీవీ మార్చే ఆలోచన ఉంటే రోకు గానీ ఫైర్ టీవీ గానీ లోపలే ఉన్న టీవీ తీసుకో. వెనక కోయాక్స్ ఉంటుంది, యాంటెన్నా ఛానళ్లు కూడా అదే గైడ్‌లో చేరతాయి. విడిగా అమ్మే స్టిక్‌కి ఆ రంధ్రం ఉండదు.

పాత రేడియో ఇంజనీరు

ప్లేనో అమ్మా, పెద్దవాళ్ల మాట దగ్గర నువ్వే గెలిచావు. నేను అటువైపు ఆలోచించలేదు.

ఒక్కటి మాత్రం వదలను. 2019 అక్టోబర్ 20 రాత్రి, తొమ్మిది గంటల ప్రాంతంలో ఉత్తర డాలస్ మీదుగా రిచర్డ్‌సన్ దాకా టోర్నడో వచ్చింది, తీవ్రత ఈఎఫ్-3. ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. టీవీ వెంటనే లేచింది. మోడెమ్, రౌటర్ మళ్లీ తేరుకోవడానికి చాలా నిమిషాలు పట్టింది. ఆ నిమిషాల్లో ఏ వీధి మీద ఉందో, ఎటు కదులుతోందో మ్యాప్‌లో చూపించింది యాంటెన్నా ఛానలే. ఫోనుకి హెచ్చరిక వస్తుంది, కాదనను. కానీ మన వీధి పేరు చెప్పేది లోకల్ ఛానలే.

ప్లేనో కోడలు

కరెంటు పూర్తిగా పోతే మీ టీవీ కూడా పోతుంది కదా అంకుల్? ఇంటర్నెట్ ఒక్కటే పోతే మా బాక్స్ ఇంటి నెట్‌వర్క్ మీద నడుస్తూనే ఉంటుంది. మీరు చెప్పిన కొద్ది నిమిషాల సంగతి మాత్రం నిజం. రౌటర్‌కీ బాక్స్‌కీ చిన్న యూపీఎస్ పెట్టిస్తాను.

పాత రేడియో ఇంజనీరు

తప్పకుండా పెట్టించమ్మా. ఇంకో సంగతి, కొన్ని స్టిక్‌లు ఇంటర్నెట్ లేకపోతే హోమ్ తెర దగ్గరే నిలబడిపోతాయి. ఒకరోజు మోడెమ్ తీగ పీకి నీ స్టిక్ ఏం చేస్తుందో చూసుకో.

ఫ్రిస్కో నాన్న

మూడు వారాలు పట్టింది, అందుకే ఆలస్యంగా రాస్తున్నాను.

అటకలో టార్చి వేస్తే కప్పంతా వెండిరేకు. ఇంజనీరుగారు ఇంటికొచ్చి చూసినట్టే చెప్పారు. పొడుగు కడ్డీలున్న యాంటెన్నా కొని పెరటివైపు చూరు కింద బిగించాను. నేను నిచ్చెన మీద, లోపల నాన్న టీవీ ముందు, మధ్యలో ఫోన్ స్పీకర్. 8 సిగ్నల్ 38... 52... నేను ఇంకొంచెం పడమటికి తిప్పాను, 71. "ఆపు, ఆపు, ముట్టుకోకు!" అని నాన్న అరిచారు. ఊళ్లో డాబా మీద దూరదర్శన్ కోసం ఆయన తిప్పుతుంటే కింద నుంచి నేను అరిచిన మాటే అది.

తర్వాతి వారం కాలనీ అసోసియేషన్ నుంచి తీసేయమని ఉత్తరం వచ్చింది. రెండు రోజులు టెన్షన్ పడ్డాను. సొంత ఇంటి మీద టీవీ యాంటెన్నాని అసోసియేషన్లు అడ్డుకోకుండా ప్రసారాల్ని నియంత్రించే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ నియమం 1996 నుంచీ ఉంది. దాన్ని జోడించి మర్యాదగా జవాబు రాశాను, మళ్లీ ఉత్తరం రాలేదు.

ఇక బాక్సా తీగా అంటే, రెండూ పెట్టాను. రెండు దారుల స్ప్లిట్టర్ వేశాను. ఒక దారి నేరుగా హాల్ టీవీకి, రెండోది రౌటర్ పక్కన ట్యూనర్ బాక్స్‌కి. స్ప్లిట్టర్ వల్ల 3.5 డెసిబెల్స్, అంటే సగానికి పైగా సిగ్నల్ పోతుందని తెలిసే చేశాను. 8 ఇప్పుడు 60 దగ్గర ఉంది, ఆగడం లేదు. సీఈసీ కూడా ఆన్ చేశాను గార్లండ్ తమ్ముడూ, అది స్టిక్‌కి తీసుకొస్తోంది, తిరిగి యాంటెన్నాకి మాత్రం తీసుకెళ్లదు. ఆ లోటు బాక్స్ తీర్చింది. అమ్మ బొట్టుబిళ్ల నొక్కితే తెర వస్తుంది, అందులో సీరియళ్ల పక్కనే నాన్న 8వ ఛానల్. ఆదివారం ఆటా, గాలివాన రాత్రులూ మాత్రం నేరుగా తీగ మీదే. మా ఆవిడా నేనూ ఇద్దరం ఒప్పుకున్నది ఇదే.

పాత రేడియో ఇంజనీరు

బాగుంది తమ్ముడూ. బయటికి తెచ్చావు కదా, ఎర్త్ చేశావా?

ఫ్రిస్కో నాన్న

లేదండి. ఏం కావాలి?

పాత రేడియో ఇంజనీరు

తీగ ఇంట్లోకి వచ్చే చోట దాన్ని ఎర్త్‌కి కలిపే గ్రౌండ్ బ్లాక్ ఒకటి, అక్కణ్ణుంచి కరెంటు మీటర్ ఎర్త్ దాకా 10 గేజ్ రాగి తీగ. యాంటెన్నా బిగించిన ఇనప గొట్టానికి కూడా అదే తీగ. ఏప్రిల్ ఉరుములు మొదలవకముందే చేయి. కొత్త ఎర్త్ కడ్డీ విడిగా పాతేసి ఊరుకోవద్దు, ఇంటి ఎర్త్‌కే కలపాలి. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలువు.

ఫ్రిస్కో నాన్న

శనివారం పిలుస్తున్నానండి. అప్పటిదాకా ఉరుములు వచ్చేలా ఉంటే ముందే యాంటెన్నా తీగ పీకి పక్కన పెడతాను.