9వ తరగతికి ఇంటర్నెట్ జాగ్రత్తలు: ఒక్క పీరియడ్‌లో ఏం చెప్పాలి?

సోషల్ మేడం:
వచ్చే వారం 9వ తరగతికి ఈ క్లాసు తీసుకోవాలి. 45 నిమిషాలు, 48 మంది, ప్రొజెక్టర్ లేదు, బడిలో ఫోన్లు ఉండవు. ఇంట్లో మాత్రం ఇన్‌స్టా, వాట్సాప్, ఫోన్‌పే అన్నీ ఈ పిల్లల చేతుల మీదే నడుస్తాయి. "తెలియనివాళ్లతో మాట్లాడకండి" అంటే చెవికెక్కదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఫొటోతో ఎవరో బెదిరిస్తున్నారని ఏ పిల్లో వచ్చి చెబితే ఏం చేయాలి?

లెక్కల మాస్టారు:
మేడం, పది సంగతులు పెట్టుకోకండి. బోర్డు మీద ఇది రాయండి: "ఒరేయ్, నా కోడ్ పొరపాటున నీ నంబరుకి వచ్చింది, ఆ ఆరంకెలు పంపవా?" పంపింది క్లాస్‌మేట్ నంబరు నుంచే. ఎవరెవరు పంపుతారో చేతులెత్తమనండి. తర్వాత అసలు సంగతి విప్పండి: ఆ ఫ్రెండ్ వాట్సాప్ అప్పటికే వేరేవాడి చేతిలో ఉంది, వచ్చిన కోడ్ మీ అకౌంటుది. అంటే మోసం తెలిసినవాళ్ల పేరుతోనే వస్తుంది. ఫ్రెండ్‌కి మామూలు కాల్ చేసి కనుక్కోవాలి.

ఇంటిపని: సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో పిన్ పెట్టడం, మర్చిపోతే పనికొచ్చేలా ఈమెయిల్ కూడా ఇవ్వడం. అకౌంటు పోతే అదే నంబరుతో మళ్లీ రిజిస్టరై ఎస్సెమ్మెస్ కోడ్ కొడితే అవతలివాడు బయటికి పోతాడు. వాడు ముందే పిన్ పెట్టేసి ఉంటే మనం లోపలికి రావడానికి 7 రోజులు పడుతుంది.

యూపీఐకి ఒక్క మాట చాలు: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగారంటే మన డబ్బే పోతోంది.

కౌన్సెలర్:
ఫొటో బెదిరింపు గురించి. "అసలెందుకు పంపావ్?" అన్న మాట మీ నోట రాకూడదు. ఫోన్ లాక్కుంటారు, బడి మాన్పిస్తారు అన్న భయంతోనే పిల్లలు దాస్తారు, బెదిరించేవాడి బలమంతా ఆ భయమే.

డబ్బు ఇవ్వొద్దు, ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయొద్దు. బెదిరింపు మెసేజ్‌లు, యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయాలి. పైన కనిపించే పేరు ఒక్కటే ఉంటే చాలదు, ఆ పేరుతో వందల అకౌంట్లుంటాయి.

చాలామంది టీచర్లు ఇక్కడే తప్పు చేస్తారు: "ఆ ఫొటో నాకు ఫార్వర్డ్ చెయ్" అంటారు. దయచేసి అనకండి. పిల్లల అశ్లీల చిత్రాలు పంపడం, దాచుకోవడం ఐటీ చట్టం 67బి కింద నేరం. ఫిర్యాదు మాత్రం తప్పనిసరి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 19 ప్రకారం విషయం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి, బడి పరువని లోపలే సర్దేస్తే సెక్షన్ 21 కింద శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫొటోల ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

18 ఏళ్లలోపు వాళ్లకు 'టేక్ ఇట్ డౌన్' సేవ ఉంది. ఫొటో ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర (ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్) మాత్రమే వెళ్తుంది. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ దాన్ని బట్టి వెతికి తీసేస్తాయి. వాట్సాప్ చాట్లలో తిరిగేదాన్ని మాత్రం అది ఆపలేదు.

బయాలజీ టీచర్:
చివరి 10 నిమిషాలు పేరు రాయకుండా ప్రశ్నలు వేసే చీటీలకు ఉంచండి. అందరికీ ఒకే సైజు కాగితం, ప్రశ్న లేనివాళ్లు "ఏమీ లేదు" అని రాసి వేయాలి. లేకపోతే రాస్తున్నది ఎవరో పక్కవాళ్లకు తెలిసిపోతుంది. జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే చెప్పకండి, మగపిల్లల్నీ ఇలాగే బెదిరిస్తున్నారు.

సోషల్ మేడం:
చీటీలో పెద్ద సమస్యే వస్తే? పేరుండదు కదా.

బయాలజీ టీచర్:
క్లాసులో చదవకండి, దస్తూరి పోల్చి ఆరా తీయకండి. మర్నాడు అందరికీ కలిపి 1098 మళ్లీ బోర్డు మీద రాసి, మీరు ఏ పీరియడ్‌లో, ఏ గదిలో ఒక్కరే ఉంటారో చెప్పండి. చీటీ పారేయకుండా కవర్లో పెట్టి, అదే రోజు హెచ్ఎం గారికి చెప్పి 1098కి మీరే ఫోన్ చేయండి.