పోల్చుకోలేని ఏరు బొమ్మ ల్యాండ్‌స్కేప్ అవుతుందా?

గుణుపురం మాస్టారు: మా ఊరి కుర్రాడొకడు ‘వంశధార’ అని బొమ్మ వేసి ఇక్కడ పెట్టాడు. పైన బూడిద రంగు, మధ్యలో ఎర్రమట్టి పట్టీ, కింద ఆకుపచ్చ. గట్టేది, నీళ్లేవి? పేరు తీసేస్తే ఇది వంశధారో గోదావరో ఎవరు చెప్పగలరు? ఇది డిజైన్, ల్యాండ్‌స్కేప్ కాదు.

పర్లాకిమిడి రంగులు: మాస్టారూ, వరదలో గట్టూ నీరూ ఒకటే రంగు. దూరం నుంచి చూడండి, ఆ బూడిద రంగే వానతెర అవుతుంది. దగ్గరికొస్తే మళ్లీ ఉత్త రంగు. ఆ మారడమే బొమ్మ. 1896లో మాస్కోలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన గడ్డివామి బొమ్మ ముందు నిలబడి, కేటలాగు చూసేదాకా, ఆ తర్వాత ఆకారాల్లేని బొమ్మలకి దారి వేసిన రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ అంతటివాడు అది వామని పోల్చుకోలేదు. అయినా ఆ బొమ్మ ఆయన మనసులోంచి పోలేదు.

రాయగడ వాసి: ఎరుపు ఎక్కువైంది.

గుణుపురం మాస్టారు: మోనేకి కళ్లలో శుక్లాలు. 1923లో ఆపరేషన్ కూడా అయింది. మసగ్గా కనిపించింది మసగ్గా వేస్తే గొప్పా?

పర్లాకిమిడి రంగులు: వాముల వరుస 1890-91 నాటిది, శుక్లాల గొడవ తర్వాతెప్పుడో. పొద్దుటి వెలుగు, సాయంత్రం, మంచు, అన్నీ చూసి చూసి వేసినవవి. నేనూ ఒక కల్యాణ మండపం గోడకి మహేంద్రగిరి వేశాను. తెల్లారి మంచులో సగం కొండ కనిపించదు, అలాగే వేశాను. ‘కొండ పూర్తిచెయ్యి’ అని ఓనరు సగం డబ్బు ఆపేశాడు.

బరంపురం అక్క: నీ డబ్బు గొడవకీ వంశధారకీ ఏం సంబంధం తమ్ముడూ? మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కూడా ఊళ్లూ చెట్లూ వేసి వేసి, ఆ తర్వాతే గుండ్రటి బిందువు బొమ్మల దగ్గరికి వచ్చాడు. ఈ అబ్బాయికి ముందు గట్టు వేయడం వచ్చా?

పర్లాకిమిడి రంగులు: బొమ్మ చూసి చెప్పక్కా. ఎర్ర పట్టీ అంచు ఒకచోట పదునుగా ఆపాడు, ఇంకోచోట పచ్చలోకి జార్చాడు. అక్కడ నీరు పొలంలోకి ఎక్కుతోంది. అది చూడకుండా గట్టు, గట్టు అంటే మీకు కావలసింది ఫోటో.

గుణుపురం మాస్టారు: ఫోటో అని తీసిపారెయ్యకు! అటు ఆంధ్రా వెళ్తే మమ్మల్ని ఒడియావాళ్లంటారు, ఇటు ఒడిశాలో తెలుగువాళ్లంటారు. మా ఏరు ఒక్క క్యాలెండరు మీద కూడా చూడలేదు నేను. ఇన్నాళ్లకి ఒకడు వేస్తే, నా మనవరాలు పేరు చదవకుండానే ‘తాతా, మన ఏరు’ అనాలి. అదీ నా బాధ.

పర్లాకిమిడి రంగులు: ఇది మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేదే కాదు. కానీ ఆ పిల్ల కొత్తనీటి ఎరుపు చూసి గుర్తుపట్టకూడదా?

గుణుపురం మాస్టారు: కొత్తనీరు గోదావరికీ ఎర్రగానే వస్తుంది. మా రేవు ఒక్కటి వేసినా ఒప్పుకునేవాణ్ణి.